పాత హ్యాండ్‌హెల్డ్ నుంచి ఆండ్రాయిడ్‌కి: పాల కేంద్రాలు, గుజ్జు ఫ్యాక్టరీలు, గోడౌన్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాల సేకరణ కేంద్రాలకు, తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు, గోడౌన్లకు హ్యాండ్‌హెల్డ్ (చేత్తో పట్టుకుని స్కాన్ చేసే, ఎంట్రీలు కొట్టే చిన్న మెషిన్) అప్లికేషన్లు రాయడం నా పని. ఈ మధ్య కొత్తగా రాసేదానికన్నా, విండోస్ మొబైల్, విండోస్ సీఈ మెషిన్లలో ఉన్నవాటిని ఆండ్రాయిడ్‌లోకి మార్చే పనే ఎక్కువైంది. పలమనేరులో అడిగిన సందేహమే పుత్తూరులోనూ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా మెషిన్లు బాగానే పనిచేస్తున్నాయి కదా, ఇప్పుడెందుకు మార్చాలి?

పనిచేస్తున్నదాన్ని రేపే తీసేయమని చెప్పను. కానీ పరిస్థితి తెలిసి ఉండాలి. విండోస్ మొబైల్ వరసలోని విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరితో ఆగిపోయింది. విండోస్ సీఈ వరసలోని విండోస్ ఎంబెడెడ్ కాంపాక్ట్ 7కి 2021లో, ఆ వరసలో చివరిదైన కాంపాక్ట్ 2013కి 2023 అక్టోబరులో ముగిసింది. ఇక ఏ లోపం బయటపడినా సరిచేసేవాళ్లు లేరు. వీటికి ప్రోగ్రామ్ రాయడానికి వాడే విజువల్ స్టూడియో 2008 కూడా ఎప్పుడో పాతబడింది. ఆ తర్వాతి 2010 వెర్షన్‌లోనే విండోస్ మొబైల్ ప్రాజెక్టులు రాసే వీలు తీసేశారు. కాబట్టి మీ అప్లికేషన్‌లో చిన్న మార్పు చేయాలన్నా పాత కంప్యూటర్ ఒకటి కాపాడుకుంటూ రావాలి. మెషిన్లు మొరాయించాక హడావిడిగా మార్చేకన్నా, అవి నడుస్తుండగానే మార్చడం మేలు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సరిచూసుకునే అవకాశం అప్పుడే ఉంటుంది.

సర్వర్ మార్చినప్పటి నుంచి పాత మెషిన్లు కనెక్ట్ కావడం లేదు. మెషిన్ పాడైందా?

మెషిన్ పాడై ఉండదు. నెట్ మీద డేటా భద్రంగా వెళ్లడానికి వాడే టీఎల్‌ఎస్ అనే పద్ధతిలో పాత వెర్షన్లైన 1.0, 1.1లను 2021లో అధికారికంగా పక్కన పెట్టేశారు. కొత్త సర్వర్లు కనీసం 1.2 అడుగుతాయి. విండోస్ మొబైల్ 6.5కి తెలిసింది 1.0 వరకే. అందుకే సర్వర్ తలుపు తీయదు. తాత్కాలికంగా మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఒక చిన్న మధ్య సర్వర్ పెట్టి, పాత మెషిన్లు దానితోనూ, అది బయటి సర్వర్‌తోనూ మాట్లాడేలా చేయొచ్చు. అసలు సర్వర్‌లోనే 1.0ని తిరిగి ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఆ ఒక్క మార్పుతో మిగతా అందరి డేటా బలహీనమవుతుంది.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇప్పుడు లేరు, సోర్స్ కోడ్ కూడా లేదు. అయినా మార్చొచ్చా?

మార్చొచ్చు. ముందు ఆ అప్లికేషన్ మీద హక్కు మీకే ఉందని పాత ఒప్పందం తీసి చూసుకోండి. అది డాట్‌నెట్ కాంపాక్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో (ఈ పాత మెషిన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏర్పాటు) రాసినదైతే, ఐఎల్‌స్పై లాంటి ఉచిత టూల్‌తో లోపలి కోడ్‌ను చాలావరకు చదవగలిగే రూపంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో రాసినదైతే అలా రాదు. అప్పుడు మెషిన్ ముందు కూర్చుని ప్రతి స్క్రీన్ ఫొటో తీసి, ఏం నొక్కితే ఏం వస్తుందో రాసుకోవాలి.

కోడ్ దొరికినా సరే, రెండో పని మానొద్దు. లీటర్లను కిలోలుగా మార్చడానికి ఏ అంకెతో గుణిస్తున్నారు, ఫ్యాట్ ఎంతకన్నా తగ్గితే పాలు తీసుకోకూడదు, ఎన్ని కిలోల తరుగు తీయాలి లాంటి నిబంధనలు కోడ్‌లో ఎక్కడో ఒక మూల ఉంటాయి. వాటిని ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పగలిగేది ఏళ్లుగా వాడుతున్న పాల కేంద్రం సెక్రటరీ, గోడౌన్ ఇన్‌చార్జి మాత్రమే.

పాత కోడ్‌నే అటూ ఇటూ సర్ది ఆండ్రాయిడ్‌లో నడపలేమా?

కొంత నడుస్తుంది. సీ షార్ప్‌లో రాసిన లెక్కలు, నిబంధనలు డాట్‌నెట్ మావీ అనే మైక్రోసాఫ్ట్ కొత్త టూల్‌లోకి తీసుకెళ్లొచ్చు. దానికి ముందున్న జామరిన్‌లో చేస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే వద్దనండి. దానికి సపోర్ట్ 2024 మే 1తో అయిపోయింది. ఇక స్క్రీన్లు, స్కానర్‌తో మాట్లాడే భాగం, ప్రింటర్ భాగం, డేటాబేస్ భాగం మళ్లీ రాయాల్సిందే. మీ టీమ్‌కు సీ షార్ప్ చేయి తిరిగి ఉంటే మావీ తీసుకోండి. కొత్తవాళ్లతో మొదలుపెడుతుంటే, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష కోట్లిన్ మేలని నా అభిప్రాయం. స్కానర్ కంపెనీలు ఇచ్చే నమూనా కోడ్ ఎక్కువగా జావా, కోట్లిన్‌లలోనే దొరుకుతుంది.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

గుజ్జు ఫ్యాక్టరీ అయితే జూన్, జూలై నెలల్లో దాని జోలికి వెళ్లొద్దు. తోతాపురి దిగే రోజుల్లో గేటు దగ్గర లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అప్పుడు కొత్త యాప్ పది నిమిషాలు ఆగినా రైతు ఎండలో నిలబడాలి. సీజన్ ముగిశాక పని మొదలుపెట్టి, వేసవికి ముందే మెషిన్లు చేతికివ్వండి. పాల కేంద్రాలకు సీజన్ గొడవ తక్కువ. కొత్త పక్షం బిల్లు మొదలయ్యే రోజున మార్చుకుంటే లెక్క తేలిక.

## మెషిన్ ఎంచుకునేటప్పుడు

పది వేల ఫోన్‌లో కెమెరాతో స్కాన్ చేస్తే సరిపోదా? అంత ఖరీదు పెట్టి రగ్గడ్ (దెబ్బలు, దుమ్ము, నీళ్లు తట్టుకునే) మెషిన్ ఎందుకు?

పని ఎంతో దాన్నిబట్టి చెప్పాలి. పాల కేంద్రంలో రైతు కార్డు మీద క్యూఆర్ కోడ్ పూటకు యాభై అరవై సార్లు స్కాన్ చేయడానికి మంచి ఫోన్ సరిపోతుంది. గోడౌన్‌లో రోజంతా పెట్టెలు స్కాన్ చేసేవాళ్లకు సరిపోదు. కెమెరా ఫోకస్ పట్టడానికి ప్రతిసారీ ఒక క్షణం తీసుకుంటుంది, చీకటి మూలల్లో తడబడుతుంది, బ్యాటరీ త్వరగా తాగేస్తుంది. స్కానింగ్ కోసమే చేసిన ఇంజిన్ ఉన్న మెషిన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే పని అయిపోతుంది.

ఖరీదు లెక్కవేసేటప్పుడు తడి చేతులను మరిచిపోవద్దు. పాలు ఒలికిన వేళ్లకు, మామిడి సొన అంటిన వేళ్లకు మామూలు ఫోన్ టచ్ సరిగా స్పందించదు. మెషిన్ మీద ఐపీ65, ఐపీ67 అని రాసి ఉంటుంది చూడండి. మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి పోదని. రెండో అంకె 5 అయితే నీటి ధారకు, 7 అయితే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుందని అర్థం. బ్యాటరీ ఊడదీసి మార్చుకునే వీలుందా అన్నది కూడా అడగండి. రెండేళ్లకు బ్యాటరీ నీరసపడితే మెషినంతా పారేయాల్సిన అవసరం ఉండదు.

లేజర్ స్కానర్ ఉన్నది చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. లేజర్ గీతల బార్‌కోడ్ ఒక్కటే చదువుతుంది, క్యూఆర్ చదవలేదు. ఫోన్ స్క్రీన్ మీద చూపించే కోడ్ దగ్గర కూడా ఇబ్బంది పెడుతుంది. కోడ్‌ను బొమ్మలా పట్టి చదివే 2డీ ఇమేజర్ ఉన్నదే తీసుకోండి.

గూగుల్ లేని ఆండ్రాయిడ్ మెషిన్ అంటున్నారు. తేడా ఏంటి?

ప్లే స్టోర్, గూగుల్ సర్వీసులు లేకుండా వచ్చే మెషిన్లు ఉన్నాయి. వాటిలో గూగుల్ ద్వారా పంపే పుష్ మెసేజ్‌లు రావు, గూగుల్ పద్ధతిలో మెషిన్లను దూరం నుంచి అదుపు చేయడం కుదరదు. మీ యాప్‌కు ఆ రెండూ అక్కర్లేకపోతే పనికొస్తాయి. అసలు చూడాల్సింది ఇంకొకటి: కంపెనీ ఎన్నేళ్లపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుందో రాతపూర్వకంగా చెప్పాలి. అది చెప్పని మెషిన్ కొంటే, విండోస్ సీఈతో పడిన ఇబ్బందే కొన్నాళ్లకు మళ్లీ పడాలి.

మావాళ్లు బటన్ల మెషిన్‌కు అలవాటుపడ్డారు. టచ్ ఇస్తే పని మందగిస్తుందా?

మొదట్లో మందగిస్తుంది. కీప్యాడ్ మీద వేలు చూడకుండానే అంకెలు కొట్టేవాళ్లకు, గాజు మీద ప్రతిసారీ చూసి నొక్కాల్సి రావడం పెద్ద మార్పు. కీప్యాడ్ ఉన్న ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌లు దొరుకుతాయి. బరువులు, సంఖ్యలు ఎక్కువగా కొట్టే చోట అవే ఇవ్వండి. టచ్ మెషినే అయితే ఆండ్రాయిడ్ సొంత కీబోర్డు తెరవకుండా, యాప్‌లోనే పెద్ద అంకెల పలక పెట్టమని ప్రోగ్రామర్‌కు చెప్పండి. పాత మెషిన్‌లో అంకెలు ఏ వరుసలో ఉన్నాయో ఇందులోనూ అదే వరుస ఉండాలి.

## యాప్ రాసేటప్పుడు

స్కాన్ చేసిన నంబరు ఒక్కోసారి వేరే గడిలో పడుతోంది. ఎందుకు?

స్కానర్‌ను కీబోర్డు పద్ధతిలో వాడుతున్నందుకు. కర్సర్ ఎక్కడుంటే నంబరు అక్కడ పడుతుంది. జీబ్రా మెషిన్లలో డేటావెడ్జ్ అనే ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. దాని సెటింగ్‌లో కీస్ట్రోక్ తీసేసి ఇంటెంట్ పెట్టుకుంటే, స్కాన్ అయిన నంబరు కర్సర్‌తో సంబంధం లేకుండా నేరుగా మీ యాప్‌కు చేరుతుంది. ఏ రకం కోడ్ చదివిందో కూడా తెలుస్తుంది కాబట్టి, రైతు కార్డు చదవాల్సిన చోట బిస్కెట్ ప్యాకెట్ బార్‌కోడ్ వస్తే తిప్పికొట్టవచ్చు. మిగతా కంపెనీల మెషిన్లలోనూ ఇలాంటి ఏర్పాటే వేరే పేర్లతో ఉంటుంది. అందుకే స్కానర్ భాగాన్ని కోడ్‌లో విడిగా ఉంచండి. రేపు మెషిన్ కంపెనీ మారితే ఆ ఒక్క ముక్క మార్చుకుంటే చాలు. పాత మెషిన్ల మీద సింబల్ అని, కొన్నిటి మీద మోటరోలా అని ఉంటుంది. ఆ వ్యాపారమే చేతులు మారి 2014లో జీబ్రాకు వచ్చింది.

మా ఊళ్లో సిగ్నల్ ఉండదు. యాప్ ఎలా పనిచేస్తుంది?

మన జిల్లాల్లో రాసే ఏ హ్యాండ్‌హెల్డ్ యాప్ అయినా, సిగ్నల్ లేదనుకునే రాయాలి. భాకరాపేట ఘాట్ లాంటి అడవి దారుల్లో, కొండల నడుమ పల్లెల్లో నెట్ వస్తే వచ్చినట్టు. కుప్పం వైపు సరిహద్దు ఊళ్లలో ఫోన్ ఒక్కోసారి పక్క రాష్ట్రం టవర్ పట్టుకుంటుంది.

పద్ధతి ఇది. పాలు పోసిన ప్రతి ఎంట్రీ ముందు మెషిన్‌లోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి వెళ్లాలి. చీటీ కూడా అక్కడి నుంచే రావాలి. సర్వర్ జవాబు కోసం రైతు ఎదురుచూడకూడదు. ప్రతి ఎంట్రీకి మెషినే యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తు ఇచ్చుకుంటుంది. సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది. సర్వర్ 'అందింది' అన్నాకే, పంపాల్సినవాటి వరుసలోంచి దాన్ని తీసేస్తుంది. డేటా వెళ్లింది గానీ జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది అనుకోండి, మెషిన్ మళ్లీ పంపుతుంది. సర్వర్ ఆ గుర్తు చూసి, ఇది ముందే వచ్చిందని రెండోది పక్కన పెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే ఒక రైతు పాలు రెండుసార్లు జమవుతాయి. ఆ తర్వాత ఆఫీసువాళ్లు ఏది నిజమో తేల్చుకోలేక రెండూ కొట్టేస్తే, నష్టపోయేది రైతే.

స్క్రీన్ మీద 'ఇంకా పంపనివి ఇన్ని' అని ఎప్పుడూ కనబడేలా ఒక అంకె పెట్టండి. సెక్రటరీకి అది పెద్ద ధైర్యం.

యాప్ మూసేస్తే డేటా వెళ్లడం లేదు. పాత మెషిన్‌లో అలా ఉండేది కాదే?

ఆండ్రాయిడ్ 6 నుంచి, మెషిన్ ఊరకే పడి ఉంటే బ్యాటరీ ఆదా కోసం డోజ్ అనే నిద్రలోకి వెళ్తుంది. 8 నుంచి, తెరిచిలేని యాప్‌ల పని మీద ఇంకా ఆంక్షలు పెట్టారు. డేటా సర్వర్‌కు పంపే (సింక్) పనిని ఆండ్రాయిడ్‌లోని వర్క్‌మేనేజర్‌కు అప్పగించాలి. అది పదేపదే చేసే పనికి కనీస విరామం 15 నిమిషాలు. అంతకన్నా త్వరగా వెళ్లాలంటే, ఎంట్రీ సేవ్ అయిన వెంటనే ఒకసారి పంపే పని వేరుగా పెట్టుకోవాలి.

స్క్రీన్ మీద తెలుగు వత్తులు కోసుకుపోతున్నాయి. ఏం చేయాలి?

పాత విండోస్ మొబైల్‌లో తెలుగు అక్షరాలను కలిపి చూపే ఏర్పాటే ఉండేది కాదు. అందుకే పాత స్క్రీన్లన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంట్ ఉంది, కానీ ఇంగ్లిష్‌కు సరిపడా ఎత్తు పెట్టిన గడిలో 'క్ష్మి', 'స్త్రీ' లాంటివి కింద తెగుతాయి. గడి ఎత్తును అంకెలో బిగించకుండా, అక్షరాన్నిబట్టి పెరిగేలా వదిలేయండి. బటన్ మీద మాటలు కూడా ఇంగ్లిష్ కన్నా పొడవవుతాయి కాబట్టి రెండు వరుసలకు చోటుంచండి. నగరి, కుప్పం వైపు కేంద్రాలుంటే తమిళం, కన్నడం కూడా పెట్టగలిగేలా మాటలన్నీ కోడ్‌లో కాకుండా స్ట్రింగ్స్ ఫైల్‌లో ఉంచితే తర్వాత సుఖం.

చీటీ తెలుగులో రావాలంటే కుదరదంటున్నారు, నిజమేనా?

కుదురుతుంది. కుదరదన్నవాళ్లు చెప్పేది సగం నిజం. నడుముకు తగిలించుకునే చిన్న థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా తెలుగు ఫాంట్ ఉండదు. యాప్ తెలుగు అక్షరాలు పంపితే ప్రశ్నార్థకాలో, పిచ్చి గుర్తులో వస్తాయి. అందుకే చీటీని అక్షరాలుగా కాకుండా బొమ్మగా పంపాలి. ఆండ్రాయిడ్ తన సొంత ఫాంట్‌తో చీటీని గీస్తుంది, యాప్ దాన్ని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి ప్రింటర్‌కు ఇస్తుంది.

రెండంగుళాల ప్రింటర్‌లో కాగితం 58 మిల్లీమీటర్లు, అచ్చుపడేది 48. మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున అడ్డంగా 384 చుక్కలు. మూడంగుళాలదైతే 576. బొమ్మ వెడల్పు సరిగ్గా అంతే ఉండాలి. ఎక్కువైతే పక్కకు తెగుతుంది, తక్కువైతే చిన్నదైపోతుంది. వత్తులు స్పష్టంగా రావాలంటే అక్షరం కనీసం 24 చుక్కల ఎత్తుండేలా చూడండి. బొమ్మ కాబట్టి ప్రింట్ కాస్త నెమ్మదిస్తుంది. రైతు పేరు, 'లీటర్లు', 'మొత్తం' లాంటివి తెలుగులో బొమ్మగా పంపి, అంకెల వరుసలను ప్రింటర్ సొంత అక్షరాల్లోనే పంపితే వేగం చాలావరకు తిరిగి వస్తుంది.

దీనికి అదనంగా పడే పని తప్పకుండా పడాలని నా గట్టి నమ్మకం. తన పాలకు ఎంత కట్టారో రైతు ఇంకొకరిని అడగకుండా చదువుకోగలగాలి.

ప్రింటర్ జత కావడానికి పర్మిషన్ అడుగుతోంది. లొకేషన్ ఎందుకట?

ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ కావాలి. 12 నుంచి బ్లూటూత్‌కే విడిగా పర్మిషన్లు పెట్టారు. యాప్ రెండు రకాలనూ అడగగలిగేలా ఉండాలి.

మా మిల్క్ ఎనలైజర్, తూకం మెషిన్ పాతవి. కొత్త హ్యాండ్‌హెల్డ్‌కు తగులుతాయా?

వాటి వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటే తగులుతాయి. యూఎస్‌బీకి మార్చే కేబుల్ గానీ, సీరియల్ నుంచి బ్లూటూత్‌కు మార్చే చిన్న పెట్టె గానీ వాడాలి. కేబుల్ అయితే ఒక చిక్కు: హ్యాండ్‌హెల్డ్‌కు యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే ఉంటుంది, ఎనలైజర్ తగిలిస్తే ఛార్జింగ్ పెట్టలేరు. పొద్దున పాలు పోసే వేళ ఎనలైజర్, ఛార్జింగ్ రెండూ కావాలి కాబట్టి నేను బ్లూటూత్ పెట్టెకే మొగ్గు చూపుతాను. ఎనలైజర్ ఏ వేగంతో పంపుతుంది, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) ఏ వరుసలో వస్తాయి అన్నవి దాని మాన్యువల్‌లో ఉంటాయి. మాన్యువల్ పోతే కంప్యూటర్‌కు తగిలించి, వచ్చే అక్షరాలను చూసి కనిపెట్టాలి.

పాత యాప్ మెషిన్ నంబరు చూసి లైసెన్స్ ఇచ్చేది. కొత్తదాంట్లో ఐఎంఈఐ రావడం లేదు.

ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకు ఐఎంఈఐ, సీరియల్ నంబరు చదివే అనుమతి లేదు. మెషిన్‌కు మీరే ఒక కోడ్ ఇచ్చి, మొదటిసారి తెరిచినప్పుడు సర్వర్‌లో నమోదు చేయండి. చీటీ నంబరు ముందు ఆ కోడ్ వస్తే, రెండు మెషిన్లలో ఒకే నంబరు పడే బాధ ఉండదు.

ఒకే మెషిన్‌ను ఇద్దరు ముగ్గురు వాడతారు. ఎవరు ఎంట్రీ చేశారో తెలిసేదెలా?

ప్రతివారికీ పిన్ ఇవ్వండి, లేదా కార్డు స్కాన్ చేసి లోపలికి వెళ్లేలా పెట్టండి. మెషిన్ ఊరిదైనా కార్డు మాత్రం మనిషిదే అన్న ఆలోచనకు మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లూ ఇతరులూ కలిసి రూపొందించిన సింప్యూటర్ అనే లైనక్స్ హ్యాండ్‌హెల్డ్‌లో, ఒకే పరికరాన్ని చాలామంది పంచుకోవడానికి స్మార్ట్ కార్డు పెట్టారు. రాసింది చదివి వినిపించే ఏర్పాటు కూడా అందులో ఉండేది. అది మార్కెట్లో నిలబడలేదు గానీ, పల్లెలో హ్యాండ్‌హెల్డ్ ఎలా ఉండాలో ఆలోచించినవాళ్లలో వాళ్లు ముందువరుసలో ఉన్నారు.

## పాత డేటా తెచ్చేటప్పుడు

పాత మెషిన్‌లోంచి డేటా ఎలా తీయాలి? కంప్యూటర్‌కు తగిలిస్తే ఏమీ కనబడటం లేదు.

విండోస్ మొబైల్ మెషిన్లు కంప్యూటర్‌తో మాట్లాడటానికి యాక్టివ్‌సింక్, ఆ తర్వాత విండోస్ మొబైల్ డివైస్ సెంటర్ కావాలి. విండోస్ 10లో ఇవి మొండికేస్తాయి. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఈ పని అయ్యేదాకా పారేయకండి. అదీ లేకపోతే మెషిన్‌లో మెమరీ కార్డు పెట్టే చోటుందేమో చూసి, డేటాబేస్ ఫైల్‌ను కార్డులోకి కాపీ చేయండి. సాధారణంగా అది ఎస్‌డీఎఫ్ అనే చివరి పేరుతో ఉంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్‌ది. కంప్యూటర్‌లో తెరవడానికి అదే వెర్షన్ కావాలి. పాస్‌వర్డ్ ఉంటే అది పాత కోడ్‌లోనే దొరకొచ్చు. కాపీ తీశాక అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు, కాపీ మీదే పనిచేయండి.

కొత్త యాప్‌లో ఒక్కో చీటీ మీద పైసా తేడా వస్తోంది. రైతులు నిలదీస్తున్నారు.

వాళ్లు నిలదీయడం న్యాయమే. తేడా ఎక్కడిదంటే, డాట్‌నెట్‌లో మామూలుగా వాడే రౌండ్ పద్ధతి, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్య వైపు వెళ్తుంది. కోట్లిన్, జావాలలో చాలామంది వాడే పద్ధతి సగం వస్తే పైకి వెళ్తుంది. నాలుగున్నర లీటర్లకు 38.41 చొప్పున లెక్కిస్తే 172.845. పాతది 172.84 అని, కొత్తది 172.85 అని చూపిస్తాయి. రెండూ తప్పు కాదు. కానీ నిన్నటి చీటీకీ ఇవాళ్టి చీటీకీ లెక్క మారితే నమ్మకం పోతుంది.

దీనికి తోడు ఎస్‌క్యూలైట్‌లో డబ్బు కోసం ప్రత్యేకమైన దశాంశ రకం లేదు. 172.845ను అలాగే పెడితే లోపల ఒక్కోసారి 172.84499లా మారుతుంది. కాబట్టి డబ్బును పైసల్లో, పాలను మిల్లీలీటర్లలో పూర్ణసంఖ్యలుగా దాచండి. గుణించేటప్పుడు, దశాంశాలను ఉన్నదున్నట్టు లెక్కించే బిగ్‌డెసిమల్ వాడి, సగం వస్తే ఏ వైపు వెళ్లాలో కోడ్‌లో స్పష్టంగా రాయండి. ఏ వైపన్నది ప్రోగ్రామర్ తేల్చేది కాదు, డెయిరీ యాజమాన్యం తేల్చి కాగితం మీద ఇవ్వాలి. నా వరకు, కనీసం మొదటి ఏడాది పాత పద్ధతినే ఉంచమంటాను.

రైతుల పేర్లు ఆఫీసు కంప్యూటర్లో అను ఫాంట్‌లో ఉన్నాయి. కొత్త యాప్‌లో గజిబిజిగా వస్తున్నాయి.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ అన్ని మెషిన్లలో ఒకే గుర్తు ఇచ్చే పద్ధతి) కావు. లోపల ఇంగ్లిష్ గుర్తులే ఉండి, ఫాంట్ వాటిని తెలుగులా చూపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అయితే వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు వస్తాయి. మార్చిన జాబితాను ప్రింట్ తీసి, ఆ ఊరి సెక్రటరీతో చదివించండి. మనిషి పేరు తప్పు పడితే ఆ చీటీని అతను తనదిగా ఒప్పుకోడు.

పదేళ్ల డేటా మొత్తం కొత్త మెషిన్‌లోకి తేవాలా?

అక్కర్లేదు. రైతుల జాబితా, రేటు పట్టిక, నడుస్తున్న పక్షం ఎంట్రీలు, బాకీలు, అడ్వాన్సులు చాలు. మిగతాది ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. ఒకటి మాత్రం చూడండి: పాత మెషిన్లలో సర్వర్‌కు ఎప్పుడూ వెళ్లకుండా ఉండిపోయిన ఎంట్రీలు ఉండొచ్చు. ప్రతి మెషిన్‌లోని లెక్కను సర్వర్ లెక్కతో పోల్చాకే దాన్ని పక్కన పెట్టాలి. 2005కు ముందు వచ్చిన పాకెట్ పీసీ రకం మెషిన్ ఎక్కడైనా మిగిలి ఉంటే బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వకండి. వాటిలో డేటా ర్యామ్‌లోనే ఉంటుంది, ఛార్జింగ్ పోతే అదీ పోతుంది.

## కేంద్రాలకు పంపేటప్పుడు

పాతదీ కొత్తదీ ఎన్నాళ్లు కలిపి నడపాలి?

పాల కేంద్రానికి ఒక పూర్తి పక్షం, బిల్లు డబ్బు చేతికి వచ్చేదాకా. రోజూ మొత్తం సరిపోతే చాలదు. తగ్గింపులు, అడ్వాన్సులు, బోనస్ లాంటివి బిల్లు రోజునే లెక్కలోకి వస్తాయి, తప్పులు బయటపడేది అక్కడే. రెండు మెషిన్లలో ఎంట్రీ చేయడం సెక్రటరీకి రెట్టింపు పని. ఆ పక్షానికి సాయంగా ఒక మనిషిని ఇవ్వండి. అన్ని కేంద్రాలనూ ఒకేసారి మార్చొద్దు. సిగ్నల్ బాగున్న ఊరు ఒకటి, అసలు లేని ఊరు ఒకటి ముందు తీసుకోండి.

కొత్త మెషిన్ ఇస్తే యూట్యూబ్ చూస్తూ కూర్చుంటారేమో?

మీ యాప్ తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా కట్టడి చేయొచ్చు, దీన్ని కియోస్క్ మోడ్ అంటారు. అందుకు మెషిన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసిన వెంటనే, ఏ గూగుల్ అకౌంటూ పెట్టకముందే నమోదు చేయాలి. ఆండ్రాయిడ్ 7 నుంచి, స్వాగతం స్క్రీన్ మీద ఒకేచోట ఆరుసార్లు తట్టితే క్యూఆర్ చదివే కెమెరా తెరుచుకుంటుంది. ఆ కోడ్‌తో సెటింగ్‌లన్నీ వచ్చేస్తాయి. అయితే ఫోన్ చేసుకునే వీలు మాత్రం ఉంచండి. తెల్లవారుజామున యాప్ ఆగిపోతే ఆ మెషిన్ నుంచే మీకు ఫోన్ రావాలి.

మా సెక్రటరీకి అరవై దాటాయి. కొత్తదంటేనే టెన్షన్ పడుతున్నాడు.

ఆయన టెన్షన్‌కు కారణం ఉంది. లెక్క తప్పితే ఊళ్లో మాట పడేది ఆయనే. కొత్త యాప్‌లో స్క్రీన్ల వరుస పాతదాని వరుసలోనే ఉంచండి: ముందు కార్డు, తర్వాత లీటర్లు, తర్వాత ఫ్యాట్. అందంగా ఉంటుందని వరుస మార్చొద్దు. తప్పు కొడితే దిద్దుకునే దారి ఆయనకు మొదటి రోజే చూపించండి. శిక్షణ ఆఫీసులో కాకుండా, ఆయన కేంద్రంలోనే, నిజంగా పాలు పోసే వేళ ఇవ్వాలి.

## ఆ తర్వాత

యాప్ రాసిన కంపెనీతో పని అయిపోయింది. వాళ్ల దగ్గర ఏం తీసుకోవాలి?

సోర్స్ కోడ్, సర్వర్ పాస్‌వర్డ్‌లు, అన్నిటికన్నా ముఖ్యంగా కీస్టోర్ ఫైల్, దాని పాస్‌వర్డ్. ఆండ్రాయిడ్ యాప్‌కు అది ముద్రలాంటిది. అదే ముద్ర లేకపోతే పాత యాప్ మీద కొత్త వెర్షన్ ఎక్కదు. ప్రతి మెషిన్‌లోనూ పాతది తీసేసి కొత్తది వేయాలి, తీసేస్తే అందులో పంపకుండా మిగిలిన డేటా పోతుంది. ఈ ఫైల్‌ను రెండు చోట్ల దాచండి.

రైతుల బ్యాంకు ఖాతా, ఆధార్ నంబర్లు మెషిన్‌లో ఉంచొచ్చా?

ఉంచొద్దు. మెషిన్ చేతులు మారుతుంది, బస్సులో మరిచిపోతారు. డబ్బు వేసేది ఆఫీసు నుంచి కాబట్టి అవి ఆఫీసులోనే ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సేకరించిన సమాచారాన్ని కాపాడే బాధ్యత సేకరించినవాళ్లదే.

బీటెక్ అయింది. తిరుపతిలోనే ఉండి ఈ పని నేర్చుకోవాలంటే ఎలా?

కోట్లిన్, ఎస్‌క్యూలైట్ నేర్చుకోండి. ఒక చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ కొని, తెలుగు చీటీ తీయడానికి ప్రయత్నించండి. ఆ ఒక్క పనిలో బ్లూటూత్, ఫాంట్లు, బిట్లు, బైట్లు అన్నీ వచ్చేస్తాయి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మీ యాప్ రోజంతా నడిచేలా రాయండి. తర్వాత దగ్గర్లోని పాల కేంద్రానికి తెల్లవారుజామున వెళ్లి, అనుమతి అడిగి, పని ఎలా జరుగుతుందో ఒక మూల నిలబడి చూడండి.

పాత మెషిన్లు ఏం చేయాలి?

ఒక్కొక్కదానిలోని డేటా సర్వర్‌తో సరిపోయిందని సంతకం తీసుకున్నాక, మెమరీ కార్డు, సిమ్ తీసేసి, మెషిన్‌ను రీసెట్ చేయండి. మంచి స్థితిలో ఉన్న రెండింటిని, విండోస్ 7 కంప్యూటర్‌తో సహా, ఒక ఆడిట్ పూర్తయ్యేదాకా ఉంచుకోండి. మిగతావి పాత సామాను కొనేవాళ్లకు తూకానికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్లకు ఇవ్వండి. ఉబ్బిన లిథియం బ్యాటరీలుంటే వాటిని మెషిన్లతో కలిపి పెట్టెలో పడేయకుండా విడిగా, ఎండ తగలని చోట ఉంచి అప్పగించండి.